చదువు అప్పు మొండి బాకీ అయ్యాక

విద్యా రుణం మంజూరైన రోజు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. అదే రుణం మొండి బాకీగా మారిన తేదీ అడిగితే చెప్పగలిగే కుటుంబం అరుదు. వాయిదా కట్టాల్సిన గడువు మీద 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను ఎన్‌పీఏ కింద రాసేస్తుంది. అప్పటికి చాలా ఇళ్లలో ‘ఉద్యోగం రానీ, అన్నీ ఒకేసారి కట్టేద్దాం’ అనే మాటే నడుస్తూ ఉంటుంది. వసూలు ఏజెంటు ఫోన్లు మొదలైతే గానీ గుండెల్లో రాయి పడదు. జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం ఆ ఫోన్లకు ముందే, ఎవరూ బ్యాంకు గడప తొక్కని ఆ మూడు నెలల్లోనే జరిగిపోతుంది.

మన దేశంలో విద్యా రుణాలకు ఇప్పుడున్న రూపం 2001లో వచ్చింది. కెనరా బ్యాంకు అధిపతిగా ఉన్న ఆర్.జె. కామత్ సారథ్యంలోని అధ్యయన బృందం సిఫార్సుల మీద ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఒక నమూనా పథకం తయారుచేస్తే, రిజర్వు బ్యాంకు దాన్ని బ్యాంకులన్నిటికీ పంపింది. 4 లక్షల దాకా పూచీకత్తు అక్కర్లేదు. ఆపైన 7.5 లక్షల దాకా మూడో మనిషి హామీ. అది దాటితే ఇల్లో స్థలమో తనఖా పెట్టాలి. 2015లో కేంద్రం రుణ హామీ నిధి పెట్టి, 7.5 లక్షల లోపు రుణం మునిగితే అందులో 75 శాతానికి తాను పూచీ ఉంటానంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు తనఖా, హామీ లేకుండానే రుణం ఇమ్మంటోంది. ఇన్ని మార్పుల్లోనూ ఒక అంశం అలాగే నిలిచింది. కాగితం మీద విద్యార్థితో పాటు తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. అంటే అప్పు మొండిబారితే రెండు తరాల క్రెడిట్ చరిత్ర ఒకేసారి దెబ్బతింటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కథకు ఒక స్థానిక మలుపు ఉంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ అమల్లో ఉండటంతో కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ సీటుకు బ్యాంకు దాకా వెళ్లాల్సిన అవసరం చాలామందికి తగ్గింది. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయి కాలేజీలు సర్టిఫికెట్లు ఆపడం వేరే బాధ. అప్పు ఎక్కువగా మేనేజ్‌మెంట్ కోటా సీట్లు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, అన్నిటికీ మించి విదేశీ ఎమ్మెస్ కోసం. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్టు అక్కడి ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క. అందులో మనవాళ్ల వాటా ఎంత పెద్దదో శంషాబాద్ విమానాశ్రయంలో ఆగస్టు నెల రాత్రి ఒక గంట నిలబడితే తెలిసిపోతుంది.

అప్పు ఎందుకు మొండిబారుతుందో అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. రెండేళ్ల కోర్సుకు 10 లక్షలు, వడ్డీ 11 శాతం అనుకుందాం. కోర్సు కాలం, ఆ తర్వాత ఏడాది కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ కాలానికి బారువడ్డీయే వేస్తారు కాబట్టి, డబ్బంతా మొదట్లోనే విడుదలైతే మూడేళ్లకు 3.3 లక్షలు. అది అసలులో కలుస్తుంది. మొదటి వాయిదా నాటికి అప్పు 13.3 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 18,300. మొదటి నెల కట్టే సొమ్ములో 12,200 దాకా వడ్డీకే పోతుంది. పాతిక వేల జీతంతో హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టుకుని బతికే కుర్రాడు ఈ వాయిదా ఎలా కడతాడన్నది అతని నిజాయితీకి సంబంధించిన ప్రశ్న కానే కాదు. అమెరికా చదువుకు తెచ్చిన 40 లక్షల మీద, కట్టనక్కర్లేని కాలపు వడ్డీ కలపకుండానే, ఇదే వడ్డీకి, ఇదే గడువుకు వాయిదా 55 వేలు దాటుతుంది. అక్కడ చదువు తర్వాత పని చేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం దొరికి డాలర్లలో సంపాదిస్తే అది భారం కాదు. దొరక్క తిరిగొస్తే, ఇక్కడి జీతంతో ఆ అంకె పొసగదు.

ఆధారం లేని మాట కాదిది. 2020 డిసెంబరు ఆఖరుకి ప్రభుత్వ బ్యాంకుల విద్యా రుణాల్లో 9.55 శాతం మొండి బాకీలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 3.66 లక్షల ఖాతాలు, 8,587 కోట్లు. నర్సింగ్, ఇంజినీరింగ్ చదివినవాళ్ల ఖాతాలు అందులో ముందున్నాయి. చదివిన చదువుకు తగిన జీతం రాని రంగాలు అవే. తర్వాతి ఏళ్లలో శాతం బాగా తగ్గింది. రైటాఫ్ చేసిన ఖాతాలు ఈ లెక్కలోంచి జారిపోతాయన్నది మరిచిపోకూడదు. రైటాఫ్ అంటే అప్పు మాఫీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్యాంకు తన ఖాతా పుస్తకం శుభ్రం చేసుకోవడమే అది. బాకీ రూపాయి కూడా తగ్గదు.

వడ్డీ భారం మొదట్లోనే తగ్గే దారి ఒకటుంది, అది కాగితం అందించనందువల్ల చేజారుతూ ఉంటుంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి, దేశంలోనే వృత్తి, సాంకేతిక కోర్సు చదివేవాళ్లకు కట్టనక్కర్లేని కాలం వడ్డీ మొత్తం కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం సకాలంలో బ్రాంచికి చేరితేనే ఆ రాయితీ ఖాతాలో పడుతుంది.

ఇక వాయిదా తప్పినప్పటి సంగతి. క్రెడిట్ రిపోర్టు తెరిస్తే ప్రతి రుణం కింద నెలనెలకూ ఒక గడి ఉంటుంది. ఆ గడిలోని అంకె, కట్టకుండా మిగిలిన అతి పాత వాయిదా మీద ఎన్ని రోజులు గడిచాయో చెబుతుంది. ప్రతి నెలా 3వ తేదీన వాయిదా ఉన్న ఖాతా తీసుకుందాం. ఫిబ్రవరి దాకా 000. మార్చి వాయిదా తప్పింది, నెలాఖరుకి 028. ఏప్రిల్ చివరికి 058. మే 31కి 089. జూన్ మొదటి వారంలోనే ఎన్‌పీఏ, నెలాఖరుకి 119. ఈ వరుసలో మే 31 దగ్గర ఆగి చూడండి. ఆ రోజు మార్చి వాయిదా ఒక్కటి కట్టినా అతి పాత బాకీ ఏప్రిల్ 3ది అవుతుంది, 089 కాస్తా 058కి దిగుతుంది, ఖాతా గండం గట్టెక్కుతుంది. అదే వారం తర్వాత ఆ ఒక్క వాయిదా కడితే ఏ ఉపయోగమూ లేదు. 2021 నవంబరు 12 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం ఒకసారి ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే బకాయిలన్నీ పైసాతో సహా కట్టాలి. ఒక వాయిదాతో పోయేది నాలుగైదు వాయిదాల దాకా పెరగడానికి పట్టేది కొద్ది రోజులే. బ్యాంకు కౌంటరు దగ్గర ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పరు.

ఆ మూడు నెలల్లో అడగదగినవి ఇంకా ఉన్నాయి. 2015లో సవరించిన నమూనా పథకం ప్రకారం తీర్చే గడువు 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. ఉద్యోగం లేని కాలానికి, అరకొర ఉద్యోగం ఉన్న కాలానికి రుణం మొత్తం మీద రెండు మూడు సార్లు వాయిదాలకు విరామం ఇవ్వొచ్చు. మొదట్లో తక్కువగా, జీతం పెరిగేకొద్దీ ఎక్కువగా కట్టే మెట్లవారీ వాయిదాలకూ అందులో చోటుంది. ఇవి బ్యాంకు విచక్షణకు వదిలిన సౌకర్యాలు, హక్కులు కావు. అందుకే నోటిమాటగా అడిగితే ‘చూద్దాం బాబూ’ దగ్గర ఆగిపోతాయి. రుణ ఖాతా నంబరు, కోర్సు పూర్తయిన తేదీ, ఇప్పటి ఉద్యోగ పరిస్థితి, నెలకు ఎంత కట్టగలరు, ఎప్పటి నుంచి పూర్తి వాయిదా కట్టగలరు. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి, బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మెయిల్ కూడా పెట్టండి. గడువు పెంచడం మీద మాత్రం నాకు కొంత అనుమానం ఉంది. పైన చెప్పిన 13.3 లక్షలను పదేళ్లకు బదులు పదిహేనేళ్లకు సాగదీస్తే వాయిదా 15,100కి తగ్గుతుంది గానీ మొత్తం చెల్లింపు 22 లక్షల నుంచి 27 లక్షలకు చేరుతుంది. నెలకు మూడు వేల ఊరటకు ఐదు లక్షల ఖరీదు. ఊపిరాడని స్థితిలో ఉన్నవాళ్లు తీసుకోవలసిందే. ఆరు నెలల విరామంతో గట్టెక్కగలిగినవాళ్లకు అది దండగ.

ఖాతా మొండిబారాక వచ్చేది వసూళ్ల విభాగం. ఇక్కడ చట్టం కన్నా భయమే ఎక్కువ పని చేస్తుంది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, బంధువుల ముందు, ఇరుగుపొరుగు ముందు పరువు తీయడం నిషిద్ధం. ఏజెంటు చేసే ప్రతి పనికీ బ్యాంకుదే బాధ్యత. పాస్‌పోర్టు రద్దవుతుందని, విమానాశ్రయంలో ఆపేస్తారని చెప్పి తల్లిదండ్రులను వణికించడం మామూలైంది. అసలు లుకౌట్ నోటీసు కోరే అధికారమే ప్రభుత్వ బ్యాంకులకు లేదని 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు తేల్చింది. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ తగాదా. ఒక్క మినహాయింపు ఉంది, అది చాలామందికి తెలియదు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోతే, చెక్కు బౌన్సు మాదిరే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసుకు ఆస్కారం ఉంది. కట్టలేమని తెలిసిన నెల బ్యాంకుకు ముందే రాతపూర్వకంగా చెప్పడం అందుకూ అవసరమే.

దావా ఎక్కడ పడుతుందనేది మొత్తాన్ని బట్టి ఉంటుంది. 20 లక్షలు, అంతకు మించితే రుణ వసూళ్ల ట్రిబ్యునల్. మనకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. లోపు అయితే సివిల్ కోర్టు. ఇల్లు తనఖా ఉంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టు గడప తొక్కకుండానే 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనానికి రావచ్చు. ఆ నోటీసుకు అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. స్వాధీనం చర్య మొదలయ్యాక 45 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. సాగుభూమి ఈ చట్టం పరిధిలోకి రాదు. నోటీసు తీసుకోకుండా తలుపు వేసుకుంటే ఈ గడువులన్నీ తలుపు బయటే కరిగిపోతాయి.

‘మూడేళ్లు గడిస్తే బాకీ చెల్లదు’ అనే మాట కూడా ఊళ్లలో బాగా వినిపిస్తుంది. తనఖా లేని అప్పుకు దావా వేసే గడువు మూడేళ్లన్నది నిజమే. అది ముగిసేలోగా చిన్న మొత్తం కట్టినా, బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు దాటినా క్రెడిట్ రిపోర్టులో మచ్చ అలాగే ఉంటుంది. కాలయాపనను ఉపాయంగా నమ్ముకున్నవాళ్లు ఇంటి రుణం అడిగిన రోజు దాని ధర తెలుసుకుంటారు.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది సెటిల్‌మెంట్ వ్యవహారం. పూర్తి బాకీలో కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకునే ఓటీఎస్‌ను ఏజెంట్లు పండగ ఆఫర్‌లా అమ్ముతారు. లోక్ అదాలత్ నోటీసులు కూడా ఈ దారిలోవే. అక్కడ రాజీ కుదిరితే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. తగ్గింపు వచ్చిందన్న సంతోషంలో చూసుకోని మాట ఒకటుంది. రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. తర్వాత రుణమిచ్చే ఏ అధికారికైనా ఆ ఒక్క పదం చాలు. రాజీ కుదుర్చుకున్న బ్యాంకు కనీసం 12 నెలల దాకా కొత్త అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023 జూన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. యాభై దాటి ఇక అప్పుల అవసరం లేని తండ్రి ఒక్కడి పేరునే రుణం ఉంటే ఓటీఎస్ తెలివైన పనే కావచ్చు. ఇరవై ఐదేళ్ల కుర్రాడి పేరున్న రుణానికి అది చివరి దారి కావాలి, మొదటిది కాదు. చేసుకుంటే గనక ఫోన్ మాట మీద ఒక్క రూపాయీ కట్టకండి. మొత్తం, గడువు తేదీ, కట్టాక ఇంకేమీ బాకీ ఉండదన్న మాట బ్యాంకు లెటర్‌హెడ్ మీద చేతికొచ్చాకే కట్టండి.

బ్యాంకుల తగ్గింపు ఉదారత ఎవరికి దక్కుతుందో కూడా చూడాలి. తమిళనాడులో స్టేట్ బ్యాంకు దాదాపు పదేళ్ల కిందట విద్యా రుణాల మొండి బాకీలను మూటగట్టి ఒక ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి సగం కన్నా తక్కువ ధరకు అమ్మింది. ఆ ధరకే విద్యార్థికి ఇచ్చి ఉంటే ఎందరో బయటపడేవారు. ఇలా చేతులు మారిన అప్పుకు ఇకపై నో డ్యూస్ పత్రం ఇవ్వాల్సింది కొన్న కంపెనీయే. పాత బ్రాంచి చుట్టూ తిరిగితే లాభం లేదు. రిపోర్టులో ఇప్పుడు ఏ సంస్థ పేరుందో ముందు చూసుకోవాలి.

క్రెడిట్ బాగుచేసుకోవడం దగ్గరికి వద్దాం. దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 మధ్య. ‘పదిహేను రోజుల్లో 750 చేస్తాం’ అని బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీలకు డబ్బు కట్టడం నీళ్లలో పోయడమే. రుణమిచ్చిన సంస్థ ధ్రువీకరించకుండా ఈ నాలుగింటిలో ఏదీ ఒక్క అంకె కూడా మార్చదు. కన్సల్టెన్సీవాళ్లు వేసే ఫిర్యాదు ఫారమే మీరూ ఉచితంగా వేయొచ్చు.

వరస ఇలా ఉంటే మేలు. ముందు బకాయి పూర్తిగా కట్టి ఖాతాను మామూలు స్థితికి తెచ్చుకోవడం, లేదా మొత్తం కట్టి మూసేయడం. ‘సెటిల్డ్’ పడ్డవాళ్లు కూడా తగ్గింపు పొందిన మిగతా సొమ్ము కట్టి ‘క్లోజ్డ్’ చేయమని బ్యాంకును అడగొచ్చు. 2025 జనవరి నుంచి బ్యాంకులు పక్షానికోసారి సమాచారం పంపాలి కాబట్టి మార్పు నెల తిరక్కముందే కనిపించాలి. కనిపించకపోతే రిపోర్టు వెబ్‌సైట్‌లోనే వివాదం నమోదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. అదీ కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. తప్పిన వాయిదాల అంకెలు మాత్రం చెరగవు. రిపోర్టులో అవి 36 నెలల పాటు కనిపిస్తూ, కొత్త 000లు చేరేకొద్దీ కిందికి జరుగుతాయి. ఆ కొత్త గడులు నింపడానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు, అమ్మ గాజుల మీద తీసుకుని ఠంచనుగా తీర్చే చిన్న బంగారు రుణం మన ఇళ్లలో సులువైనవి. పది యాప్‌లలో ఒకేసారి అప్పుకు దరఖాస్తు పెడితే ఆ ఎంక్వయిరీలే స్కోరును మరింత కిందికి లాగుతాయి.

కోర్టులు ఈ స్కోరును రెండు రకాలుగా చూశాయి. స్కోరు తక్కువని విద్యార్థికి చదువు రుణం నిరాకరించడం సరికాదని, చదివాక వచ్చే సంపాదనే చూడాలని కేరళ హైకోర్టు 2023లో అంది. పాత ఎగవేతలున్న అభ్యర్థికి స్టేట్ బ్యాంకు ఉద్యోగ నియామకం రద్దు చేస్తే మద్రాసు హైకోర్టు 2025లో బ్యాంకునే సమర్థించింది. ఉద్యోగం లేక అప్పు తప్పినవాడికి అప్పు తప్పినందుకు ఉద్యోగం రాకపోతే అతడు తేరుకునేదెలా? తీర్పులో చట్టం సరిగానే ఉండొచ్చు. ఆ నిబంధన మాత్రం నాకు సమంజసంగా లేదు.

ఈ విషయంలో అమెరికా విధానం పోల్చి చూడదగ్గది. అక్కడి ప్రభుత్వ విద్యా రుణం 270 రోజులు తప్పితే డిఫాల్ట్. కోర్టుతో పని లేకుండా జీతంలో 15 శాతం దాకా కోసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. మనకన్నా కఠినం. కానీ దానితో పాటే తిరిగొచ్చే దారి కూడా చట్టంలో రాశారు. ఆదాయాన్ని బట్టి నిర్ణయించిన మొత్తాన్ని పది నెలల్లో తొమ్మిది సార్లు వేళకు కడితే రుణం మామూలు స్థితికి వస్తుంది, డిఫాల్ట్ అన్న మాట రిపోర్టులోంచి తీసేస్తారు. ఎంత కట్టగలడో దానితోనే మచ్చ తుడుచుకునే ఈ ఏర్పాటు మన నమూనా పథకంలో లేదు. మన దగ్గర ఒకేసారి మొత్తం బకాయి తేవాలి, లేదా ‘సెటిల్డ్’ ముద్ర మోయాలి. 7.5 లక్షల లోపు రుణాలకు ప్రభుత్వ హామీ ఉండగా, వరసగా తొమ్మిదో పన్నెండో చిన్న వాయిదాలు కట్టినవాడి ఖాతాను మామూలు స్థితికి తెచ్చే నిబంధన పెట్టడానికి రిజర్వు బ్యాంకుకు పెద్ద అడ్డంకి ఉండకూడదు.

ఆ నిబంధన వచ్చేదాకా చేతిలో ఉన్నది చేద్దాం. 2017 నుంచి నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో ఎవరి పేరునైనా చదువు అప్పు ఉంటే ఈ వారమే ఆ రిపోర్టులు తెరవండి. పిల్లలవి చూసి ఊరుకోకండి, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన అమ్మానాన్నలవీ చూడండి.